పాము లెక్క

డులూత్‌లో ఫిబ్రవరి నెలలో మంచు పడిందని ఎవరైనా ఆశ్చర్యపోతే వాళ్ళు పొరుగూరి వాళ్ళని అర్థం. కానీ ఆ శుక్రవారం పడిన మంచు చూసి డులూత్ వాళ్ళే నోరెళ్ళబెట్టారు. మధ్యాహ్నం సుపీరియర్ సరస్సు మీంచి గాలి లేచింది. మూడింటికల్లా కొండ మీది హోటల్ ముందు నిలిపిన కార్లు ఎక్కడున్నాయో తెలియకుండా పోయింది. నాలుగింటికి రోడ్లన్నీ మూసేశామని జిల్లా వాళ్ళు ప్రకటించారు. హోటల్లో నూట నలభై ఆరు మంది ఇరుక్కుపోయారు. అందరూ ఒకే బాపతు మనుషులు, సైన్స్ ఫిక్షన్ పిచ్చివాళ్ళు.

పిచ్చివాళ్ళన్న మాట నాది కాదు. వాళ్ళే అనుకుంటారు, అదీ ఛాతీ విరుచుకుని మరీ. ఉత్తర తీర నక్షత్ర పాఠకుల సంఘం అని పేరు. నలభై ఒక్క ఏళ్ళుగా ఏటా ఫిబ్రవరిలో మూడు రోజులు ఒకచోట చేరి, లేని గ్రహాల మీద లేని రాజులు ఎందుకు కూలిపోయారో గొంతులు పోయేలా వాదించుకుంటారు. ఆ కథల తర్వాత వాళ్ళకి అంత ఇష్టమైంది ఇంకొకటుంది, సంఘం నియమావళి. ముప్పై రెండు పేజీలు. ఒక సవరణకి పెట్టిన సవరణ మీద రెండు గంటలు కొట్టుకుని, ఆ తర్వాత భుజాల మీద చేతులేసుకుని సూప్ తాగడానికి వెళ్ళేవాళ్ళని మీరు ఇంకెక్కడా చూడలేరు.

ఆ నియమావళి రాసింది మార్లిస్ టోలెఫ్‌సన్. ఇప్పుడామెకి అరవై ఎనిమిది. రాసినప్పుడు ఇరవై ఏడు. అంతకు ముందున్న పాత క్లబ్బులో అధ్యక్షుడు లేడు, నియమాలు లేవు, అందరూ సమానం. ఆ సమానత్వంలో ఒక ఏడు, ముఖ్య అతిథిగా పిలిచిన ముసలి రచయితని బస్టాండు నుంచి తీసుకురావడానికి ఒక్కరూ వెళ్ళలేదు. ప్రతివాడూ ఇంకొకడు వెళ్ళి ఉంటాడనుకున్నాడు. పెద్దాయన ఐదు గంటలు చలిలో కూర్చుని, తిరుగు బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ సిగ్గుతో మార్లిస్, ఆరిన్ పెల్కీ, ఇంకో ముగ్గురు స్నేహితులు వంటింటి బల్ల చుట్టూ కూర్చుని కొత్త సంఘం పెట్టుకున్నారు.

ఆమె ఉద్యోగం కూడా అలాంటిదే. ముప్పై ఏళ్ళు జిల్లా ఆఫీసులో కూర్చుని, మంచు తీసే బళ్ళని రేడియోలో నడిపించింది. ఏ బండి ఏ రోడ్డెక్కాలో ఆమె చెప్పాలి, డ్రైవర్లు వినాలి. ఎదురు చెప్పినవాడికి ఆ చలికాలమంతా సరస్సు ఒడ్డు రోడ్డే గతి. సంఘానికి పంతొమ్మిదేళ్ళుగా ఆమే అధ్యక్షురాలు. ఎవరూ పోటీ చేయరు. చేయాలని ఎవరికీ తోచలేదు కూడా.

ప్రతి ఏడూ శనివారం పదకొండింటికి ఆమె చర్చ ఒకటుంటుంది. నియంతల మీద, గుంపుల మీద. కూర్చోవడానికి చోటు దొరకదు. "చంద్రుడి మీద గని ఉందనుకోండి," అని మొదలుపెడుతుంది. "యజమాని లేని గనిలో గాలి గొట్టం బలమున్నవాడి చేతిలో ఉంటుంది. ఒకే యజమాని ఉన్న గనిలో గాలి గొట్టానికి తాళం ఉంటుంది. రెండు చోట్లా ఊపిరాడక పోయేది ఆ మూల కూర్చున్న ముసలాడే." అప్పుడు అందరూ మూలకి తిరిగి ఆరిన్‌ని చూసి నవ్వుతారు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఏ కథ చదివినా ఇవే అడగమంటుంది. నిర్ణయించేది ఎవరు? ఎప్పటిదాకా? చాలు అని చెప్పగలిగేది ఎవరు?

శుక్రవారం సాయంత్రం ఆ హోటల్ అచ్చంగా చంద్రుడి మీద గనే అయిపోయింది. రావాల్సిన సరుకుల లారీ రాలేదు. వంటగదిలో డెల్ఫీన్ అనే వంటావిడ, ఇద్దరు సహాయకులు తప్ప పనివాళ్ళెవరూ లేరు. సంఘం వాళ్ళు ప్రతి ఏడూ ఒక గదిలో ఫలహారాలు పరిచి ఉంచుతారు, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి తినొచ్చు. రోడ్లు మూసేశారన్న మాట చెవిన పడిన గంటలో ఆ గది సగం ఖాళీ అయింది. ఒకాయన జున్ను పలకలు చొక్కాలో దోపుకుని వెళ్ళాడు. ఓడల రేవులో వెల్డింగు చేసే థాడ్ లండ్‌క్విస్ట్ రెండు బిస్కెట్ల పెట్టెలు, ఏడు దుప్పట్లు తన గదికి చేరవేశాడు. ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషి, ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పండ్ల రసం సీసాలు ఎవరు పట్టుకుపోయారో ఇప్పటికీ తెలియదు.

ఆరిన్‌కి షుగరు. ఆరు గంటలకి, హోటల్ ముందరి హాల్లో, నలభై మంది చూస్తుండగా షుగరు పడిపోయి నిలువునా కూలిపోయాడు. "తీపిది ఏదైనా ఇవ్వండి!" అని మార్లిస్ అరిచింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి డెల్ఫీన్ వంటగదిలోంచి చక్కెర నీళ్ళు తెచ్చి పట్టించింది. ఆరిన్ కళ్ళు తెరిచేదాకా మార్లిస్ అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి నిలబడింది.

"తొమ్మిదో నిబంధన," అంది.

నలభై ఒక్క ఏళ్ళలో దాన్ని ఎవరూ వాడలేదు. ఒక్క వాక్యమే: ఆపద వచ్చినప్పుడు, ఆపద తీరేవరకు, సర్వాధికారాలు అధ్యక్షులవి. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ రాత్రికల్లా ఆమె హోటల్‌ని దారిలో పెట్టింది. ఫలహారాల గదికి తాళం పడింది, తాళంచెవి ఆమె మెడలోకి వచ్చింది. పూటకి ఒక గిన్నె, అక్కడి సరస్సుల్లో పండే అడవి బియ్యం సూప్, రెండు రొట్టె ముక్కలు. మెడలో సంఘం బ్యాడ్జి చూపిస్తే గిన్నె ఇస్తారు. వంటకి కొందరు, మెట్ల మీద మంచు తీయడానికి కొందరు, ముసలివాళ్ళ గదులు చూసి రావడానికి కొందరు. ఎవరి పని వాళ్ళకి రాసిచ్చింది. ఆరిన్ గది గుమ్మం ముందు పండ్ల రసం సీసాలు రెండు ప్రత్యక్షమయ్యాయి. శుక్రవారం నాటి మార్లిస్‌ని చూసి ఉంటే మీరు కూడా చప్పట్లు కొట్టేవాళ్ళు.

శనివారం పొద్దున వేరే మార్లిస్ లేచింది. ఆ సంగతి ఆమెకి తెలియలేదు, అంతే.

పదకొండింటి చర్చ గది తలుపుకి ఆమె చేతిరాతతో కాగితం వేలాడింది: 'చర్చ రద్దు. అధ్యక్షురాలు.' ఆరిన్ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి అది చదివాడు. మాట్లాడేవాళ్ళకి టైము చూసి గంట కొట్టడం నలభై ఏళ్ళుగా అతని పని. చేతిలో ఆ గంట అలాగే ఉంది.

"నియంతల మీద చర్చని నువ్వే రద్దు చేశావా?"

"పనుంది ఆరిన్."

"ఏం పని?"

"పాలించొద్దూ!" అంది మార్లిస్. వేళాకోళానికే అంది. కానీ ఇద్దరూ నవ్వలేదు.

మధ్యాహ్నం సూప్ వరసలో థాడ్ వంగి దండం పెట్టి, "రాణీగారూ, ఇంకో రొట్టె ముక్క దయచేయించరా?" అన్నాడు. నలుగురు కిసుక్కుమన్నారు. మార్లిస్ చెయ్యి చాచి అతని మెడలోంచి బ్యాడ్జి లాగేసుకుంది. "రేపటిదాకా నీకు సూప్ లేదు," అంది. అంత మనిషీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనకవాళ్ళు అతన్ని తప్పించుకుని ముందుకి జరిగారు. ఆ పూట వరస చాలా క్రమశిక్షణగా నడిచింది, ఆమెకి అది నచ్చింది కూడా.

సాయంత్రానికి ఇంకో కాగితం అంటించింది. ఆదివారం పదింటికి జరగాల్సిన సర్వసభ్య సమావేశం రద్దు, ఆపద తీరాక తేదీ చెబుతాను అని. ఆ సమావేశం ఒక్క ఏడు కూడా తప్పలేదు. మార్లిస్ భర్త పోయిన ఏడు కూడా నల్ల కోటు వేసుకుని వచ్చి నడిపింది.

కాగితం కింద పెద్ద గుంపు చేరింది. మేడ మీది వరండాలో నిలబడి ఆమె అంతా విన్నది. దీన్ని నిరంకుశత్వం అనాలా, తాత్కాలిక నియంతృత్వం అనాలా అన్న దగ్గర వాదన మొదలైంది. సైన్యం లేకుండా నిరంకుశత్వం కుదరదని ఒకాయన. తాళం ఉంటే చాలని ఇంకొకావిడ. మూడో ఆయన ఏదో దూర గ్రహం మీది చక్రవర్తి కథ ఎత్తుకుని, అందులో తాళం కూడా లేదని రుజువు చేశాడు. రెండు గంటలు నడిచింది. ఏడింటికి సూప్ గంట కొట్టారు. అంతమందీ బ్యాడ్జీలు సర్దుకుని బుద్ధిగా వరసలో నిలబడ్డారు. ఇన్ని వందల కథలు చదివి, తీరా అది తమ నెత్తి మీదకి వచ్చేసరికి దాని పేరు తేల్చుకోవడంలో మునిగిపోవడం వీళ్ళకే చెల్లింది.

మార్లిస్ పైనుంచి చూసి నవ్వుకుంది. ఆ నవ్వు అడుగున ఎక్కడో చిన్న నిరాశ. ఇన్నేళ్ళూ నేను చెప్పింది వీళ్ళకేనా అనిపించింది. ఆ నిరాశ ఎందుకు కలిగిందో ఆమె ఆరా తీయలేదు. రెనాటా స్కూబిచ్ ఆ వాదనలో నోరు విప్పలేదన్న సంగతి కూడా గమనించలేదు.

రెనాటా ఇనుప గనుల ఊరి పిల్ల. గనిలో ఇల్లంత లారీ నడుపుతుంది. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. పద్నాలుగేళ్ళప్పుడు బడి సంచీతో ఒంటరిగా బస్సెక్కి ఈ సభలకి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా గోడకి అంటుకుని నిలబడితే, మార్లిస్ ఆమె చేతిలో ఒక పుస్తకం పెట్టి, వచ్చే ఏడు వచ్చి నాకు మూడు జవాబులు చెప్పాలి అంది. అప్పటినుంచి ప్రతి ఏడూ ఒక పుస్తకం, మూడు జవాబులు. మార్లిస్‌కి పిల్లల్లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఒక్కతి ఉంది, లారీ నడుపుతుంది," అంటుంది.

ఆదివారం పొద్దునకి మంచు ఆగింది. రోడ్డు మాత్రం ఇంకా తెరవలేదు. పది కావస్తుండగా కింది హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు వినిపించి మార్లిస్ గబగబా దిగింది. జ్వరంతో పడుకున్న ఇద్దరు, వంటగదిలో ఉన్న నలుగురు తప్ప అందరూ అక్కడే ఉన్నారు. ఏడు వరసలు. మధ్యలో నడిచే దారి. ఎదురుగా బల్ల, బల్ల మీద చెక్క సుత్తి, బల్ల వెనక ఖాళీగా అధ్యక్షుల కుర్చీ.

"ఏంటిది?" అంది గుమ్మంలోంచే. "సభ రద్దు చేశాను. కాగితం చదవలేదా?"

"చదివాం," అంది దారి మధ్యలో నిలబడి ఉన్న రెనాటా. "అందుకే వచ్చాం."

హాలు అవతలి వైపు ఫలహారాల గది తలుపు ముందు థాడ్ ఉన్నాడు. చేతిలో గునపం, వెనక ఐదారుగురు.

"ఈవిడతో మాటలేంటి?" అని కేకేశాడు. "రెండు దెబ్బలేస్తే తాళం ఊడొస్తుంది. ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుంటారు. రాజూ వద్దు, రాణీ వద్దు, ఈ ముప్పై రెండు పేజీల చెత్తా వద్దు!"

"శుక్రవారం అదేగా చేశాం థాడ్," అంది రెనాటా, వెనక్కి తిరక్కుండానే. "ఎవరికి కావాల్సింది వాళ్ళం తీసుకున్నాం. నీ గదికి ఏడు దుప్పట్లెళ్ళాయి. ఆరిన్ నేల మీద పడ్డాడు. గునపం కింద పెట్టు."

"నీకేమైనా పిచ్చా? నీ తరఫునే కదా వచ్చాను! నా బ్యాడ్జి లాగేసుకుంది, నిన్నంతా కడుపు మాడ్చింది!"

"బ్యాడ్జి ఓటుతో ఇప్పిస్తాను. గునపంతో తెచ్చుకుంటే రేపు ఇంకొకడి గునపంతో పోతుంది. కూర్చో."

థాడ్ కూర్చోలేదు. గునపం మాత్రం భుజం మీంచి దించాడు.

రెనాటా ఇప్పుడు మార్లిస్ వైపు తిరిగింది. లారీ నడిపే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకుంది.

"సభ మొదలుపెట్టండి మార్లిస్."

"మీకంత సరదాగా ఉంటే మీరే కొట్టుకోండి సుత్తి."

"మేం కొడితే చెల్లదు. నాలుగో నిబంధన. అధ్యక్షులే కొట్టాలి. మీరే రాశారు."

"నేను కొట్టకపోతే?"

"అప్పుడిది సభ కాదు. గుంపు. ఆ గుంపులో ఒక గునపం కూడా ఉంది. థాడ్‌ని ఎంతసేపు ఆపగలనో నాకు తెలీదు."

మార్లిస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఫలహారాల గదిలో ఇంకా రెండు పూటల తిండే ఉందని ఆమెకి తెలుసు, వీళ్ళకి తెలియదు. రోడ్డు ఎప్పుడు తెరుస్తారో ఈ ఊళ్ళో ఆమె కంటే బాగా అంచనా కట్టగలిగినవాళ్ళు లేరు. "నేను లేకపోతే ఆరిన్ బతికేవాడా?" అని గొంతెత్తింది. "చెప్పండి! మీలో ఒక్కరైనా కదిలారా? నలభై మంది దిష్టిబొమ్మల్లా నిలబడి చూశారు! నేను కట్టిన సంఘం ఇది. నేను కాపాడిన ప్రాణాలివి!"

"అవును," అంది రెనాటా. "అందుకే శుక్రవారం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. అరచేతులు మండిపోయాయి. థాడ్ బ్యాడ్జిని మీరు దుప్పట్లు దాచుకున్నందుకు లాక్కుని ఉంటే మళ్ళీ కొట్టేదాన్ని. మీరు అందుకు లాక్కోలేదు. మిమ్మల్ని వెక్కిరించాడని లాక్కున్నారు."

రెనాటా ఒక అడుగు ముందుకి వేసింది.

"నిర్ణయించేది ఎవరు? మీరు," అంది రెనాటా. "ఎప్పటిదాకా? మీకు తోచినంత దాకా. ఆపద తీరిందని ఎవరు చెప్పాలో తొమ్మిదో నిబంధనలో రాయలేదు మీరు. మరి చాలు అని చెప్పగలిగేది ఎవరు? మూడో ప్రశ్నకి జవాబు లేని కథలు ఎలా ముగుస్తాయో పదిహేనేళ్ళుగా నా చేత చెప్పిస్తున్నారు. ఇది చెప్పడానికి నాకు ఎంత కష్టంగా ఉందో మీకు తెలీదు. మీరు నేర్పకపోయుంటే నేనూ నిన్న సూప్ వరసలో నిలబడి ఊరుకునేదాన్ని."

మార్లిస్ చూపు తిప్పుకోవడానికి హాలంతా ఒకసారి కలియజూసింది. అప్పుడు కనిపించాయి ఆమెకి ఒక్కొక్కటీ. దారి రెండు చేతుల వెడల్పున వదిలారు, నియమావళిలో ఉన్నట్టే. తలుపులు తెరిచే ఉంచారు. బల్ల మీద నియమావళి ప్రతి ఒకటి. దాని పక్కన నీళ్ళ గ్లాసు. అధ్యక్షులకి నీళ్ళు పెట్టడం ఈ సంఘం ఆనవాయితీ. తనని దించడానికి వచ్చినవాళ్ళు తన గొంతు ఎండుతుందని నీళ్ళు పెట్టారు. కుర్చీ మీద ఎవరూ చెయ్యి కూడా వేయలేదు.

ఆమె నడుచుకుంటూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఒక గుక్క నీళ్ళు తాగింది. సుత్తి ఎత్తి బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది.

"సభ మొదలైంది," అంది. "తీర్మానం ఎవరిది?"

థాడ్ గునపం గోడకి ఆనించి, వెనక వరసలో కూర్చున్నాడు. వెంట వచ్చినవాళ్ళూ కూర్చున్నారు.

రెనాటా తీర్మానం చదివింది. తొమ్మిదో నిబంధన కింద ఇచ్చిన అధికారాలు ఇంతటితో రద్దు. తాళంచెవి పూటకి ముగ్గురి దగ్గర, చీటీలు తీసి. తిండి ఎంత మిగిలిందో ప్రతి పూటా గోడ మీద రాయాలి. థాడ్ బ్యాడ్జి థాడ్‌కి, దుప్పట్లు అందరికీ. వెంటనే థాడ్ లేచి సవరణ పెట్టాడు, అసలు అధ్యక్ష పదవే ఎత్తేయాలని. మార్లిస్ అతనికి నియమం ప్రకారం రెండు నిమిషాలిచ్చింది. అతను రెండు నిమిషాలూ గర్జించాడు, ఆరిన్ గంట కొట్టాడు, సవరణకి అనుకూలంగా ఐదు గొంతులు వినిపించాయి. "వీగిపోయింది," అంది మార్లిస్. థాడ్ గొణుక్కుంటూ కూర్చున్నాడు.

"తీర్మానానికి వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ళున్నారా?" అని అడిగింది. ముందు వరసలో ముసలావిడ ఒకరు లేచి, మార్లిస్ లేకపోతే మనందరి కొంపా మునిగేది, ఆమెని ఇలా నిలదీయడం నాకు నచ్చలేదు అని చెప్పి, ముక్కు తుడుచుకుని కూర్చుంది. కుర్చీలో ఉన్నంతసేపు అధ్యక్షులు తమ తరఫున వాదించకూడదు. మార్లిస్‌కి వంద మాటలు నాలుక చివర్న ఉన్నాయి. పెదవులు బిగించి అన్నీ మింగేసింది.

"చేతులెత్తితే చాలదు," అన్నాడు వెనకనుంచి ఎవరో. "పాము లెక్క కావాలి!"

పాము లెక్క ఈ సభలవాళ్ళ పద్ధతి. అనుకూలంగా ఉన్నవాళ్ళంతా లేచి నిలబడాలి. మొదటి వరస మొదటి మనిషి 'ఒకటి' అని కూర్చోవాలి, పక్కవాళ్ళు 'రెండు' అని కూర్చోవాలి. వరస చివరికి వెళ్ళి, వెనక వరసలోకి తిరిగి, మళ్ళీ ఇటు. లెక్క మెలికలు తిరుగుతూ హాలంతా పాకుతుంది. ఎవరి ఓటు వాళ్ళ నోటితోనే చెప్పాలి, నూరు మంది ముందు, అవతలి మనిషి కళ్ళలోకి చూస్తూ. దాక్కోవడం కుదరదు.

నిలబడ్డారు. నిలబడ్డవాళ్ళని మార్లిస్ ఒక్కొక్కరినే చూసింది. పెళ్ళిళ్ళకి పిలిచినవాళ్ళు, ఆసుపత్రిలో ఉన్నప్పుడు పుస్తకాలు పట్టుకొచ్చినవాళ్ళు, మొదటిసారి వచ్చినప్పుడు దారి తప్పితే తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాళ్ళు.

"ఒకటి." "రెండు." "మూడు."

కొందరు గట్టిగా అన్నారు. కొందరు ఆమెని చూడలేక నేలకేసి అన్నారు. రెనాటా వంతు వచ్చినప్పుడు "నలభై నాలుగు" అని, తలెత్తి చూస్తూ అంది. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. లెక్క తొంభై దాటింది. మూడింట రెండు వంతులు కావాలి, తొంభై మూడు చాలు. తొంభై మూడు అన్న గొంతు ఎవరిదో మార్లిస్ చూడలేదు. థాడ్ "నూట పన్నెండు" అని కుర్చీలో కూలబడ్డాడు. నూట పదహారు దగ్గర పాము తోక చివరికి వచ్చేసింది. వెనక గోడ దగ్గర ఇంకొకరు నిలబడే ఉన్నారు, చేతిలో గంటతో.

ఆరిన్ ఆమెకేసి చూశాడు. వాళ్ళిద్దరి స్నేహానికి నలభై రెండేళ్ళు. మొన్న ఆమె ఒళ్ళోనే కళ్ళు తెరిచాడు.

"నూట పదిహేడు," అన్నాడు ఆరిన్. అని, కుర్చీ చేయి పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు.

వ్యతిరేకంగా ఇరవై రెండు. ఆ లెక్క కూడా ఒక్కటి తప్పకుండా పాకింది. ఎవరూ ఎవరినీ తోయలేదు. ఎవరూ ఎవరినీ కూర్చోమని గదమాయించలేదు.

మార్లిస్ లేచి నిలబడింది. ఈ సంఘం తనకి ఎన్నోసార్లు చప్పట్లు కొట్టింది, శాలువాలు కప్పింది, సంఘం ఇరవయ్యో వార్షికోత్సవానికి పేరు చెక్కిన పలక ఇచ్చింది. అవన్నీ ఒక ఎత్తు. నూట పదిహేడు మంది ఒకరి తర్వాత ఒకరు లేచి, అమ్మా, ఇక చాలు అని మర్యాదగా చెప్పడం ఒక ఎత్తు. నిన్న సాయంత్రం వరండాలో కలిగిన నిరాశ ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఈ మాట కోసమే ఎదురు చూసింది. తను తప్పు చేసిందన్న సిగ్గు ఉంది, చాలా ఉంది. దాని మీదుగా ఉప్పొంగి వచ్చింది గర్వం. ఛాతీ పట్టలేనంత గర్వం.

"తీర్మానం నెగ్గింది," అంది. గొంతు రేడియోలో బళ్ళు నడిపినప్పటి గొంతే. "అధ్యక్షురాలు ఓడిపోయింది. చీటీలు తీయండి."

మెడలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. థాడ్ బ్యాడ్జి కోటు జేబులోంచి తీసి, తనే వెనక వరసదాకా నడిచి వెళ్ళి అతని మెడలో వేసింది. "నిన్న నేను చేసింది తప్పు థాడ్," అంది. థాడ్ ఎర్రబడి, "దుప్పట్లు తెస్తాను," అని మాత్రం అన్నాడు.

మధ్యాహ్నం గిన్నె పట్టుకుని ఆమె కూడా వరసలో నిలబడింది. ముందు పదిహేను మంది ఉన్నారు. తన వంతు రాగానే గరిట పట్టుకున్న డెల్ఫీన్ ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. డెల్ఫీన్‌కి గ్రహాలూ తెలియవు, నియమావళీ తెలియదు. వంటగది కిటికీలోంచి అంతా చూసింది, అంతే.

"నిన్ను దించేశారటగా?"

"దించేశారు. నూట పదిహేడు ఓట్లు!"

"మరి ఆ నవ్వేంటి? నేనైతే గదిలో తలుపేసుకుని ఏడ్చేదాన్ని."

"చూశావా, ఎంత పద్ధతిగా దించారో? ఒక్క కుర్చీ పక్కకి జరగలేదు. ఒక్కడి మీద చెయ్యి పడలేదు. నా స్నేహితుడు కూడా నాకు వ్యతిరేకంగా లేచాడు, చూశావా?"

"చూశాను, చూశాను," అంది డెల్ఫీన్ గిన్నెలో సూప్ పోస్తూ. "ఆ లారీ పిల్ల మాత్రం గట్టిదే. దానికి అంత ధైర్యం ఎవరు నూరిపోశారో!"

వరసలో వెనక నిలబడ్డవాళ్ళు తొందరపడుతున్నారు. మార్లిస్ కదల్లేదు. రెండు చేతులతో గిన్నె పట్టుకుని, అంతమందికీ వినపడేలా చెప్పింది.

"నేనే."